సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్పెషల్ మ్యారేజ్: మా అనుభవం

మా అబ్బాయి పెళ్లి మొన్న మాఘమాసంలో మా పట్టణం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జరిగింది. పందిరి వేయలేదు, మేళం పెట్టలేదు. పురోహితుడూ లేడు, చర్చి ఫాదరూ లేరు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద, మ్యారేజ్ ఆఫీసరు ఎదుట, ముగ్గురు సాక్షుల ముందు అయింది. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. అప్పట్నుంచీ తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఫోన్ చేస్తున్నారు. "అక్కడ ఏమేం అడుగుతారండీ? ఎన్నాళ్లు పడుతుంది? మా అమ్మాయికి కూడా ఇలాగే చేయాల్సి వచ్చేట్టుంది" అంటున్నారు. ఫోన్లో ఒకటి చెబితే ఇంకొకటి మర్చిపోతున్నాను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆఫీసు ఏ ఊళ్లోదో మాత్రం చెప్పను. మాకు ఇబ్బంది పెట్టినవాళ్లూ అక్కడే ఉన్నారు, సాయం చేసినవాళ్లూ అక్కడే ఉన్నారు.

ముందు మా సంగతి. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 29 ఏళ్లు సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. నాకు దేవుడి మీద నమ్మకం ఉంది. మంగళగిరి పానకాల స్వామి మా ఇలవేల్పు. ఇప్పటికీ ఏడాదికోసారైనా కొండెక్కి స్వామి నోట్లో పానకం పోయిస్తే గానీ నాకు మనసు కుదుటపడదు. మా అబ్బాయికి ఆ నమ్మకం లేదు. విజయవాడలో బీటెక్ చదివే రోజుల్లో పటమటలోని నాస్తిక కేంద్రానికి వెళ్లొస్తూ ఉండేవాడు. రెండో ఏడాది సెలవులకి వచ్చినప్పుడు "అమ్మా, నేను సంధ్యవేళ దీపం దగ్గర నిలబడతాను, అది నీ కోసం. కానీ దణ్ణం పెట్టను, పెడితే నీకు అబద్ధం చెప్పినట్టవుతుంది" అన్నాడు. ఆ రాత్రి ఏడ్చాను. తర్వాత్తర్వాత, వాడు నాకు అబద్ధం చెప్పకూడదనుకున్నాడు కదా అని అర్థం చేసుకున్నాను. ఇక కోడలిది ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ కుటుంబం. ప్రతి ఫిబ్రవరిలోనూ గుణదల మాత ఉత్సవానికి వెళ్తుంది, కొండ మీది శిలువ దాకా మెట్లెక్కుతుంది. అది ఊరికే అలవాటుగా చేసే పిల్ల కాదు, మనసులో ప్రార్థించే పిల్ల.

పెళ్లి మాట వచ్చేసరికి అందరూ రెండు దారులు చూపించారు. మా వైపు వాళ్లు, గుళ్లో తాళి కట్టించి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించండి, ఎవరు అడుగుతారు అన్నారు. నేను సోషల్ టీచర్ని కాబట్టి చదివి చూశాను. 1955 నాటి ఆ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. మన ఆంధ్రా నుంచే వెళ్లిన ఒక కేసులో, గుళ్లో జరిగి రిజిస్టరు కూడా అయిన హిందూ, క్రైస్తవ పెళ్లి ఆ చట్టం కింద చెల్లదని 2008లో సుప్రీం కోర్టు చెప్పేసింది. "పిల్లని ఒక్కరోజు హిందువుగా మార్పించి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరి" అని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. నా దేవుణ్ణి నమ్మకుండా నా మతంలోకి ఒక్కరోజు రావడమంటే నా దేవుడికి అది గౌరవమా? వాళ్ల వైపు వాళ్లు చర్చి అన్నారు. చర్చిలో చేయాలంటే బిషప్ గారి అనుమతి కావాలి, పుట్టబోయే పిల్లల్ని ఆ విశ్వాసంలో పెంచడానికి శాయశక్తులా ప్రయత్నిస్తానని అమ్మాయి మాటివ్వాలి. అలా ముందుగా మాటివ్వడం అమ్మాయికీ ఇష్టం లేదు, నమ్మని చోట నిలబడి ప్రార్థన చెప్పడం మావాడికీ ఇష్టం లేదు. "నేను మారను, తనని మారమనను" అని ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు.

అలాంటివాళ్ల కోసమే 1954లో ఈ స్పెషల్ మ్యారేజ్ చట్టం చేశారు. 1955 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇది ఎంత గొప్ప సదుపాయమో తెలియాలంటే దీనికి ముందు ఏముండేదో తెలియాలి. 1872లో బ్రహ్మసమాజం వాళ్లు పట్టుబట్టగా ఇంగ్లీషువాళ్లు ఒక సివిల్ మ్యారేజ్ చట్టం చేశారు. దాని కింద పెళ్లి చేసుకోవాలంటే ఆడా మగా ఇద్దరూ తాము హిందువులం కాము, ముస్లింలం కాము, క్రైస్తవులం కాము, యూదులం, పార్శీలం, బౌద్ధులం, సిక్కులం, జైనులం కాము అని సంతకం పెట్టాలి. అంటే మతం పట్టింపు లేని పెళ్లి కావాలంటే ఉన్న మతాన్ని కాదనుకోవాలి. నమ్మకం ఉన్నవాళ్లు అబద్ధమైనా ఆడాలి, పెళ్లైనా మానుకోవాలి. 1923లో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము చేసుకుంటే ఆ సంతకం అక్కర్లేదని సడలించారు. మా పిల్లల్లాంటి జంటకి మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక 1954లో గానీ దారి దొరకలేదు. ఇప్పుడు నా కోడలు మెడలో శిలువ గొలుసుతోనే వెళ్లి సంతకం పెట్టొచ్చు. నా కొడుకు ఏ దేవుడి పేరూ తలవకుండా పెట్టొచ్చు. ప్రభుత్వం ఇద్దర్నీ ఏమీ అడగదు.

నిజంగానే అడగదు. ఆ చట్టం చివర రెండో షెడ్యూల్లో, పెళ్లికి ముందు ఆఫీసులో ఇవ్వాల్సిన నోటీసు నమూనా ఉంటుంది, ఎవరైనా తీసి చూడొచ్చు. పేరు, అవివాహితులా కాదా, వృత్తి, వయసు, నివాసం, స్థిర నివాసం, అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు. అంతే. మతం గడి లేదు. కులం గడి లేదు. తండ్రి పేరు కూడా లేదు. నేను ఆ కాగితాన్ని కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చూశాను. బడిలో అడ్మిషన్ రిజిస్టరు దగ్గర్నుంచి మన జీవితంలో ఎన్ని కాగితాలు నింపుతామో, ఎన్నిటిలో ఆ రెండు గడులుంటాయో నాకు తెలుసు, ఎందుకంటే వందలమంది పిల్లలవి నేనే నా చేత్తో నింపాను. ఈ ఒక్క కాగితంలో అవి లేవు. లౌకిక రాజ్యం పాఠం ప్రతి ఏడాదీ చెప్పాను, రాజ్యాంగంలో మతస్వేచ్ఛ గురించిన 25వ అధికరణం పిల్లల చేత కంఠతా పట్టించాను, కానీ ఆ పాఠం ఎలా ఉంటుందో కళ్లతో చూసింది ఆ ఏడు గడుల కాగితంలోనే.

ఇక ఆఫీసు. మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు అందరికీ తెలిసినవే. బయట డాక్యుమెంట్ రైటర్ల బంకులు, జిరాక్స్ మిషన్లు, లోపల ఈసీల కోసం వచ్చినవాళ్లు, వేలిముద్రల మిషన్, ఒక వెబ్‌క్యామ్. రోజంతా పొలాలూ స్థలాలూ చేతులు మారే చోటు. పెళ్లి నోటీసు అంటే అక్కడివాళ్లకి ఎప్పుడో నెలకొకటి వచ్చే పని. కార్తీకమాసంలో, నవంబరు మొదటి వారంలో, పిల్లలిద్దరితో నేనూ వెళ్లాను. ఆధార్లు, టెన్త్ సర్టిఫికెట్లు, ఫోటోలు, నివాసానికి రుజువు అన్నీ తీసుకెళ్లాం. ఇద్దరిలో ఒకరైనా ఆ ఆఫీసు పరిధిలో నోటీసు ఇచ్చే రోజుకి 30 రోజులుగా ఉంటూ ఉండాలి, ఇది మర్చిపోకండి. మావాడు వర్క్ ఫ్రమ్ హోమ్ మీద ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి సరిపోయింది. బయట ఒక డాక్యుమెంట్ రైటరు మూడు వేలు అడిగాడు. ఇవ్వక్కర్లేదు. ఆ ఏడు గడులు నింపడానికి ఎవరి సాయమూ అవసరం లేదు.

లోపల గుమాస్తా మా నోటీసు తీసుకుని, దానితో పాటు ఇంకో జిరాక్స్ కాగితం చేతికిచ్చాడు. అందులో మతం, కులం, తల్లిదండ్రుల పేర్లు, వాళ్ల ఫోన్ నంబర్లు, "తల్లిదండ్రుల సమ్మతి ఉందా" అని గడులు. "ఇది చట్టంలో లేదు కదా బాబూ" అన్నాను. "ఇక్కడ అందరూ ఇస్తారు మేడమ్" అన్నాడు. మావాడు నింపనన్నాడు. నేను రాజీ పడ్డాను, అది నా తప్పు. గొడవెందుకని ఫోన్ నంబర్ల వరకు రాయమన్నాను. అమ్మాయికి 27 ఏళ్లు, అబ్బాయికి 29. చట్టం అడిగేది అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాయా, ఇంతకుముందు పెళ్లయి భర్తో భార్యో బతికున్నారా, మతి స్థిమితం ఉందా, కూడని వరసా అన్నవి మాత్రమే. అమ్మానాన్నల సమ్మతి అందులో ఎక్కడా లేదు. మీరెవరైనా వెళ్తే ఆ రెండో కాగితం నింపకండి. గట్టిగా అడిగితే "రాతపూర్వకంగా ఇవ్వండి, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో రాయండి" అనండి. అప్పుడు వెనక్కి తీసుకుంటారు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత 30 రోజుల నోటీసు. ఈ సేవలో అసలు కష్టం ఇదే. మ్యారేజ్ ఆఫీసరు నోటీసును పుస్తకంలో ఎక్కిస్తాడు. ఆ పుస్తకాన్ని ఎవరైనా పైసా కట్టకుండా చూడొచ్చు. నకలు ఒకటి ఆఫీసులో అందరికీ కనపడే చోట అంటించాలి. అమ్మాయి స్థిర నివాసం వేరే మండలం కాబట్టి అక్కడి ఆఫీసుకీ ఒక నకలు వెళ్లింది. అంటే రెండు ఊళ్లలో రెండు బోర్డులు. నాలుగో రోజు నేను చూడ్డానికి వెళ్లాను. తాళం వేసిన అద్దాల బోర్డు. ఒక పక్క భూముల మార్కెట్ విలువల పట్టిక, కింద ఎప్పటిదో పాత వేలం ప్రకటన, మధ్యలో మా పిల్లలు. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు కూడా అంటించారు. ఫోటోల కింద ఇంటి నంబరు, వీధి, అమ్మాయి వాళ్ల ఊరు. అద్దం మీద ఎవరిదో వేలి మరక సరిగ్గా ఆ పిల్ల ముఖం మీద పడింది. చీర కొంగుతో తుడిచాను. లోపలి వైపు మరక అయితే పోదు కదా, బయటి వైపుదే, పోయింది.

తొమ్మిదో రోజుకల్లా ఆ నోటీసు ఫోటో ఫోన్లలోకి ఎక్కింది. ఎవరు తీశారో తెలియదు. ముందు మా ఇంటికి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, మీ అబ్బాయిని మతం మారుస్తున్నారని తెలిసింది, మీకు ఏ సాయం కావాలన్నా మేమున్నాం" అన్నారు. "ఎవరూ ఎవర్నీ మార్చడం లేదు నాయనా, మారకుండా చేసుకోవడానికే ఈ చట్టం" అని కూర్చోబెట్టి మజ్జిగిచ్చి పంపాను. కానీ ఆ రోజు నుంచి సందు చివర బండి ఆగితే చాలు, నాకు టెన్షన్. అదే వారం అమ్మాయి వాళ్ల ఊళ్లో కొందరు పెద్దలు మా వియ్యపురాలి ఇంటికెళ్లి, దేవుణ్ణే నమ్మనివాడికి పిల్లనెలా ఇస్తారని కూర్చున్నారట. రెండు మతాలవాళ్లూ ఒకే కాగితం ఫోటో పట్టుకుని రెండు ఇళ్లకి వచ్చారు. ఆ రాత్రి వియ్యపురాలు ఫోన్ చేసింది. అప్పటిదాకా మేమిద్దరం పొడిపొడిగా "అండీ" అనుకునేవాళ్లం. ఆ రోజు "వదినా" అని పిలిచింది. "వదినా, మా చర్చిలో కూడా పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. నా పెళ్లికీ చదివారు. కానీ అక్కడ వినేవాళ్లంతా నన్ను చిన్నప్పట్నుంచి ఎత్తుకుని పెంచినవాళ్లు. ఇది ఎవరి కోసం అంటించారు వదినా?" అంది.

ఆవిడ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. చర్చిలో ప్రకటన చదివేది ఊరంతా ఒకే సంఘంగా ఉన్న రోజుల పద్ధతి. పెళ్లి చేసుకునేవాళ్లకి ఇదివరకే పెళ్లయిందేమో ఎవరికైనా తెలిస్తే చెప్తారని. ఆ పద్ధతే సర్కారు ఆఫీసు గోడ మీదికి ఎక్కింది. మతం అడగని చట్టంలో మతం తాలూకు అలవాటు ఒకటి మిగిలిపోయింది. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చేసుకునేవాళ్లకి ఈ 30 రోజుల బోర్డు లేదు. ఏ రక్షణా అవసరం లేనివాళ్లకి గోప్యత ఉంది, అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్లని అద్దంలో పెట్టి చూపిస్తున్నాం. ఇంటినుంచి పారిపోయి వచ్చిన జంటకి ఆ ఇంటి నంబరు బోర్డుకెక్కడమంటే ఏమవుతుందో మన రెండు రాష్ట్రాల్లోనూ వేరే చెప్పక్కర్లేదు. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితేనే నోటీసు ప్రచురించాలి, లేకపోతే అక్కర్లేదని తీర్పిచ్చింది. అది ఆ రాష్ట్రం వరకే. మన దగ్గర కూడా అలా రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

28వ రోజున అభ్యంతరం పడింది. తెల్లకాగితం మీద నాలుగు లైన్లు. "ఇద్దరివీ వేరు వేరు మతాలు, ఇరువైపుల పెద్దలకి ఇష్టం లేదు, శాంతిభద్రతల సమస్య వస్తుంది." గుమాస్తా దాన్ని తీసుకుని మాకు ఫోన్ చేసి "పెళ్లి ఆగిపోయింది మేడమ్" అన్నాడు. నాకు కాళ్లలో సత్తువ పోయింది. మావాడు మాత్రం చట్టం కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. ఏడో సెక్షన్ ప్రకారం అభ్యంతరం చెప్పాలంటే నేను పైన చెప్పిన షరతుల్లో ఏదో ఒకటి తప్పిందని చెప్పాలి. వయసు చాలదనో, ముందే పెళ్లయిందనో. మతం వేరన్నది కారణం కానే కాదు. పైగా చెప్పినవాడి అభ్యంతరాన్ని నోటీసు పుస్తకంలో రాసి, చదివి వినిపించి, అతని సంతకం తీసుకోవాలి. అది కూడా చేయలేదు. 30 రోజుల్లో ఆఫీసరు విచారించి తేల్చాలి. అర్థం లేని అభ్యంతరం అని తేలితే వేసినవాడి మీద వెయ్యి రూపాయల దాకా ఖర్చులు కూడా వేయొచ్చు. ఇవన్నీ రాసి, ఒక నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకుని వచ్చాడు. ఆ ముద్ర తప్పకుండా వేయించుకోండి, మా పని తెమిలింది దానివల్లే.

అక్కడ ఇంకో చిక్కుంది. నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల్లోపు పెళ్లి జరక్కపోతే నోటీసు రద్దయిపోతుంది. మళ్లీ మొదట్నుంచి, మళ్లీ బోర్డు, మళ్లీ 30 రోజులు. డిసెంబరు అంతా విచారణ పేరుతో గడిచిపోయింది. సంక్రాంతికి వారం ముందు ఆ ఆఫీసుకి కొత్తగా ఒకావిడ ఆఫీసరుగా వచ్చారు. మా ఫైలు తీసి చదివి, అభ్యంతరం వేసినతన్ని పిలిపించి, "మీరు చెప్పేది నాలుగో సెక్షన్లో ఏ షరతు కిందికి వస్తుందో చూపించండి" అని ఒక్క ప్రశ్న అడిగారు. చూపించలేకపోయాడు. పావుగంటలో కొట్టేస్తూ ఉత్తర్వు రాశారు. ఆవిడ నుదుట కుంకుమ, టేబుల్ అద్దం కింద తిరుమల వెంకన్న ఫోటో. ఆవిడ నమ్మకం ఆవిడకుంది. మా ఫైలు దగ్గర మాత్రం చట్టం చెప్పింది చేశారు. నమ్మకం ఉన్న ఆఫీసరు ఎలా ఉండాలో నేను ఆవిడ దగ్గర చూశాను.

అక్కడే నాకు నా స్కూలు గుర్తొచ్చింది. ఏటా దసరాకి ముందు మా బళ్లో సరస్వతీ పూజ చేసేవాళ్లం, నేనే ముందుండి చేయించేదాన్ని. పుస్తకాలు పేర్చి, పిల్లలందరికీ బొట్లు పెట్టేదాన్ని. ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ప్రతిసారీ నీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లి నిలబడేది. ప్రసాదం ఇస్తే తీసుకునేది, తినేది కాదు, గౌను జేబులో దాచుకునేది. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కూడదని 28వ అధికరణం. అది పాఠంగా చెప్పింది నేనే. ఆ పిల్లని కుళాయి దగ్గర నిలబెట్టిందీ నేనే. ఆ పిల్ల ఇప్పుడెక్కడుందో తెలిస్తే బాగుండు.

ఆఫీసరు ఉత్తర్వు వచ్చాక మర్నాడే చేసేసుకుంటామన్నారు పిల్లలు. "పుష్యమాసంలో వద్దురా, మాఘం రానివ్వండి, నా కోసం" అని బతిమాలాను. మావాడు ఏమంటాడో అనుకున్నాను. "నీకు మంచిదనిపించిన రోజు పెట్టమ్మా, ఆఫీసు తెరిచి ఉంటే చాలు" అన్నాడు. పదిన్నర దాటాక ముహూర్తం చూసుకున్నాను. ఆ రోజు సర్వర్ పన్నెండున్నర దాకా రాలేదు. ఆ రెండు గంటలూ వియ్యపురాలూ నేనూ బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. ఆవిడ చేతిలో జపమాల, నా నోట్లో నృసింహ స్తోత్రం. మా ఆయన ఆఫీసు లోపలికి రాలేదు. రోడ్డవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. వచ్చారు, అంతవరకు చాలనుకున్నాను.

సర్వర్ వచ్చాక పిల్లలూ ముగ్గురు సాక్షులమూ డిక్లరేషన్ల మీద సంతకాలు పెట్టాం. గుమాస్తా "అయిపోయింది మేడమ్, కంగ్రాట్స్" అన్నాడు. కాలేదు. పన్నెండో సెక్షన్ ప్రకారం పెళ్లి ఏ పద్ధతిలోనైనా చేసుకోవచ్చు, ఏ పద్ధతీ లేకుండానూ చేసుకోవచ్చు, కానీ ఆఫీసరు, సాక్షుల ముందు ఒకరితో ఒకరు ఒక మాట అనుకోవాలి. తమకి అర్థమయ్యే ఏ భాషలోనైనా సరే. ఆ మాట అనకపోతే పెళ్లి పూర్తి కాదు. ఆ సంగతి నేనే చెప్పాను. ఆఫీసరు గారు "అవును, చెప్పించాలి" అని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆవిడ లేవగానే గదిలో కూర్చున్న వాళ్లంతా లేచారు. పాస్ పుస్తకం పట్టుకుని తన వంతు కోసం చూస్తున్న ఒక పెద్దాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ప్రింటరు ఎవరిదో డాక్యుమెంటు కక్కుతూనే ఉంది. మా కోడలు ముందు చెప్పింది. "నేను నిన్ను నా చట్టబద్ధమైన భర్తగా స్వీకరిస్తున్నాను." వాళ్లిద్దరి పేర్లూ ఇక్కడ రాయను గానీ, ఆ పేర్లు తెలుగులో ఆ వాక్యంలో ఎంత నిండుగా వినిపించాయో నేను చెప్పలేను. మావాడి గొంతు పూడుకుపోయి రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

మావాడికి ఇష్టమైన ఒక కథ ఉంది. నాస్తిక కేంద్రం పెట్టిన గోరా గారు, అదే గోపరాజు రామచంద్రరావు గారు, నాస్తికుడన్న కారణంతో కాలేజీ ఉద్యోగం పోగొట్టుకుని 1940లో ముదునూరులో కేంద్రం మొదలుపెట్టారు. వాళ్ల పెద్దమ్మాయికి దళిత యువకుడితో పెళ్లి నిశ్చయమైతే, సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి జరిపించడానికి గాంధీ గారు ఒప్పుకున్నారు. ప్రమాణంలో దేవుడి పేరుకి బదులు సత్యం పేరు చెప్పడానికీ ఒప్పుకున్నారు. జనవరి 30న ఆయన్ని చంపేశారు. ఆ పెళ్లి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. రాముడి పేరు వదలని మనిషి, నాస్తికుడి కూతురి కోసం ఆ మాట మార్చడానికి సిద్ధపడ్డాడు. మావాడు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నేను గాంధీ గారి వైపు నుంచే వింటాను.

ఆస్తి సంగతి చాలామంది అడుగుతున్నారు. మా బావగారైతే, వాడికి పొలంలో వాటా పోతుందని ఊరంతా చెప్పారు. పోదు. హిందూ ఉమ్మడి కుటుంబంలోని మనిషి వేరే మతం మనిషిని ఈ చట్టం కింద చేసుకుంటే ఉమ్మడి నుంచి విడిపోయినట్టు లెక్క. విడిపోవడం వేరు, వాటా పోవడం వేరు. ఉన్న హక్కు ఉంటుంది. వారసత్వం మాత్రం ఇకమీదట 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. ఇద్దరూ హిందువులే అయితే ఈ మార్పులేవీ ఉండవు. ఆస్తిపాస్తులు ఉన్నవాళ్లు ముందే ఒక మంచి లాయరుతో మాట్లాడుకుని వీలునామా రాసుకోవడం మేలు.

మార్కులు వేయమంటే చట్టానికి పదికి తొమ్మిది వేస్తాను, ఆ ఒక్కటీ బోర్డు కోసం తగ్గించాను. ఆఫీసుకి మొదటి రెండు నెలలకి రెండు, ఆ కొత్త ఆఫీసరు వచ్చాక తొమ్మిది. ఆ మధ్యలో పడ్డ భయానికి మార్కుల్లేవు.

పెళ్లయిన మూడు వారాలకి సర్టిఫికెట్ నకలు కోసం మళ్లీ వెళ్లాను. అద్దాల బోర్డులో ఇంకో జంట ఉంది. ఈసారి ఫోటోలు అంటించలేదు, కాగితం ఒక్కటే. లోపల బెంచీ మీద ఆ పిల్లలిద్దరే కూర్చున్నారు. ఆ రోజుతో వాళ్ల గడువు పూర్తయింది, తెచ్చుకున్న సాక్షులు ఇద్దరే. మూడో అతను ఫోన్ ఎత్తడం లేదట. గుమాస్తా నన్ను గుర్తుపట్టి "మేడమ్, మీ దగ్గర ఆధార్ ఉందా?" అన్నాడు. ఉంది. వాళ్లు ఏ మతమో నేను అడగలేదు, కాగితంలోనూ లేదు. అమ్మాయి ఆ మాట చెప్పేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది.